అన్ని రాళ్లూ కాదు, కొన్ని రాళ్లే: యానిమిజం, షామనిజం మన పల్లెల నుంచి చూస్తే

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పల్లెల్లో ఊరి నడుమ ఒక రాయి పాతి ఉంటుంది. బొడ్రాయి. మామూలు రోజుల్లో దాని పక్క నుంచే ట్రాక్టర్లు పోతుంటాయి, పిల్లలు దాని చుట్టూ ఆడుకుంటుంటారు, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బొడ్రాయి పండుగ పెట్టుకున్న ఏడు మాత్రం ఆ రాయి కోసం పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డలందరినీ పిలుస్తారు. బతుకుదెరువుకు హైదరాబాద్, ముంబయి పోయినవాళ్లు సెలవు పెట్టుకుని వస్తారు. రాత్రిపూట ఊరి పొలిమేర చుట్టూ పొలి (బలి కలిపిన అన్నం) చల్లుతారు. ఆ వేళకు బయటివాళ్లు ఊళ్లోకి రాకూడదు, ఊరివాళ్లు పొలిమేర దాటకూడదు. ఆ ఊళ్లో ఎవరిని అడిగినా ‘రాయికి పూజ చేస్తున్నాం’ అనరు. ఊరిని కాపాడే తల్లికి చెయ్యాల్సింది చేస్తున్నాం అంటారు.

ఇలాంటి నడవడికకు మానవశాస్త్రంలో యానిమిజం అని పేరు. శిగమూగి, అంటే పూనకంతో ఊగి, దేవత మాట పలికే శివసత్తు చేసే పనికి దగ్గరగా ఉండేదాన్ని షామనిజం అంటారు. ఈ రెండు మాటలు ఇంటర్నెట్‌లో వెతికితే జంతు చర్మాలు కప్పుకున్న సైబీరియా మంత్రగాళ్లు, ఈకలు కట్టుకున్న అమెరికా ఆదివాసులు కనిపిస్తారు. ఎక్కడో దూరాన, ఎప్పుడో వెనకటి కాలంలో ఉన్న మతాలనిపిస్తుంది. నిజానికి ఈ పేర్లతో తమను తాము పిలుచుకునే జనం చాలా తక్కువ. ఇవి పండితులు బయటి నుంచి పెట్టిన పేర్లు. హిందువులుగా, ముస్లింలుగా, క్రైస్తవులుగా లెక్కల్లోకి ఎక్కినవాళ్ల జీవితాల్లోనే ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. అందుకే ఈ విషయాన్ని దక్షిణ తెలంగాణ నుంచి చూస్తే, పుస్తకాల్లో చదివినదానికంటే తేలిగ్గా అర్థమవుతుంది.

టైలర్ వేసిన మెట్లు

యానిమిజం అన్న మాటను మతాల చర్చలోకి బలంగా తెచ్చింది ఇంగ్లండ్ పండితుడు ఎడ్వర్డ్ టైలర్, 1871లో. ఆయన వాదన ఇలా సాగుతుంది. వెనకటి మనిషికి రెండు ప్రశ్నలు ఎదురయ్యాయి. బతికున్న మనిషికీ శవానికీ తేడా ఏమిటి? చనిపోయిన తాత కలలోకి వస్తున్నాడే, ఆ వచ్చేది ఎవరు? ఒంట్లో ఒక ఆత్మ ఉంటుందని, అది ఒంటిని వదిలి తిరగగలదని ఈ రెండిటికీ కలిపి ఒకే జవాబు చెప్పుకున్నాడు. తర్వాత ఆ ఆత్మను చెట్టుకూ వాగుకూ గుట్టకూ కూడా అంటగట్టాడు. అక్కడి నుంచి ఎందరో దేవుళ్లు, ఆ తర్వాత ఒక్క దేవుడు, ఆపైన సైన్స్. ఈ వరుసలో యానిమిజం అట్టడుగు మెట్టు, లోకం తెలియక వేసుకున్న తొలి లెక్క.

టైలర్‌కు న్యాయం చేయాలంటే ఒక మాట చెప్పాలి. అడవి జాతులకు మతమే లేదని యూరప్‌లో చాలామంది అనే కాలంలో ఆయన ఆ మాటను ఒప్పుకోలేదు. కానీ ఆ మెట్ల లెక్క వల్ల జరిగిన చెడు పెద్దది. మన దేశంలో బ్రిటిష్ వాళ్లు తీసిన జనాభా లెక్కల్లో ‘యానిమిస్టులు’ అన్న గడి వచ్చింది. ఎవరిని హిందువుల గడిలో వెయ్యాలో, ఎవరిని ఈ గడిలో వెయ్యాలో లెక్కలు తీసిన అధికారులకే తేలలేదు. గ్రామదేవతకు యాటను కోసే రైతు హిందువు, అదే దేవతకు అలాగే కోసే గిరిజనుడు యానిమిస్టు ఎలా అవుతారు? 1931లో ఆ గడి పేరు ‘గిరిజన మతాలు’గా మారింది. స్వాతంత్ర్యం వచ్చాక 1951 నుంచి అదీ పోయింది. జార్ఖండ్ ఆదివాసులు తమ సర్నా ధర్మానికి జనాభా లెక్కల్లో వేరే కోడ్ కావాలని నేటికీ అడుగుతున్నారు. 2020 నవంబరులో ఆ రాష్ట్ర అసెంబ్లీ అందుకు తీర్మానం చేసింది. ఒక పండితుడి మాట ఆఫీసు కాగితంలోకి ఎక్కితే జనం తామెవరో చెప్పుకోవడానికి తరాల తరబడి తంటాలు పడాల్సి వస్తుంది.

యానిమిజం తెలియనితనం నుంచి పుట్టిన సైన్స్ అన్న మాట నిలబడదనడానికి మన పోచమ్మ చాలు. మశూచి వస్తే ‘తల్లి పోసింది’ అనేవాళ్లు. గుమ్మానికి వేపమండలు కట్టి, ఇంట్లో పోపు పెట్టకుండా, చల్లనివి పెట్టి, వచ్చిన తల్లిని నొప్పించకుండా సాగనంపేవాళ్లు. మన దేశంలో మశూచి ఆఖరి కేసు 1975లో నమోదైంది. ప్రపంచంలోనే ఆ రోగం లేకుండా పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పోచమ్మ కేవలం రోగానికి చెప్పుకున్న తప్పుడు కారణమే అయితే రోగంతోపాటే పోవాలి. మశూచి పేరు కూడా వినని పిల్లలు ఇవాళ బోనం వెనక నడుస్తున్నారు. ఆ తల్లితో ఊరికి ఉన్న సంబంధం ఒక్క రోగం మీదే ఆధారపడిలేదు.

ఏ రాయికి ప్రాణం ఉంటుంది?

టైలర్ తర్వాత చాలాకాలం ఈ మాటను పండితులు పక్కన పెట్టారు. దాన్ని మళ్లీ నిలబెట్టినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది అమెరికా మానవశాస్త్రవేత్త ఇర్వింగ్ హాలోవెల్ గురించి. ఆయన కెనడాలో ఓజిబ్వే ఆదివాసుల మధ్య పనిచేశాడు. వాళ్ల భాష వ్యాకరణంలో రాళ్లు ప్రాణమున్న వాటి కోవలోకి వస్తాయి. ఆయన ఒక ముసలాయనను, ఇక్కడ మన చుట్టూ ఉన్న రాళ్లన్నిటికీ ప్రాణం ఉందా అని అడిగాడు. ముసలాయన చాలాసేపు ఆలోచించి, లేదు, కానీ కొన్నిటికి ఉంది అన్నాడు. హాలోవెల్ 1960లో అచ్చయిన తన వ్యాసంలో ఈ సంభాషణ రాశాడు. యానిమిజం గురించి నేను చదివినవాటిలో ఇంత సూటిగా విషయం తేల్చిన జవాబు మరొకటి లేదు.

మన దగ్గరా జరిగేది ఇదే కదా. నల్గొండ చుట్టూ గుట్టల నిండా బండలే. క్వారీకి పోయే బండకు ఎవరూ దండం పెట్టరు. పొలం గట్టు మీద ఒక చిన్న రాయికి మాత్రం సున్నం వేసి, పసుపు కుంకుమ పెట్టి, ఏటా కోడిని కోస్తారు. నారాయణపేట జిల్లాలో కృష్ణా నది దగ్గర ముడుమాల్ ఉంది. అక్కడ మనిషికి రెండింతల ఎత్తున్న నిలువురాళ్లు పదుల సంఖ్యలో నిలబడి ఉన్నాయి. మూడున్నర వేల ఏళ్ల నాటివని పరిశోధకుల అంచనా. ఒక బండ మీద సప్తర్షి మండలాన్ని గుంతలుగా చెక్కి ఉంచారు. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. ఆ రాళ్లలో ఒకదాన్ని ఊరివాళ్లు ఎల్లమ్మగా కొలుస్తారు. అన్నిటినీ కాదు. ఎవరికో కలలో కనిపించడం, మొక్కితే ఫలించడం, కదిలిస్తే కీడు జరగడం, ఇలా ఏదో ఒక అనుభవం ఒక రాయిని మిగతా రాళ్ల నుంచి వేరు చేస్తుంది.

దక్షిణాదిలోనే, నీలగిరి అడవుల్లో ఉండే నాయక అనే గిరిజనుల మధ్య నూరిట్ బర్డ్-డేవిడ్ అనే ఇజ్రాయెల్ పరిశోధకురాలు 1970ల చివర పనిచేసింది. 1999లో ఆమె రాసిన వ్యాసం యానిమిజం చర్చను మలుపు తిప్పింది. ఆ నాయక జనం ఇళ్ల మధ్య నుంచి ఎవరినీ ఏమీ చేయకుండా నడిచిపోయిన ఏనుగును ‘దేవరు’ అన్నారు. గుడిసెలు తొక్కేసిన ఏనుగుల గురించి చెప్పేటప్పుడు ఆ మాట వాడలేదు. ఏనుగు జాతికంతా దైవత్వం ఉందా లేదా అన్న ప్రశ్న వాళ్లకు లేదు. ఈ ఏనుగు, ఈ రోజు, మాతో ఎలా మెలిగింది అన్నదే వాళ్లు చూశారు.

కాబట్టి చెట్టూ పుట్టా అన్నిట్లో ఆత్మ ఉందని నమ్మడం యానిమిజం అన్న నిర్వచనం పాతబడిపోయింది. మనుషులు కానివాళ్లతో కూడా మనుషులతో మెలిగినట్టు మెలగడం అంటే సరిపోతుంది. వరసలు కలుపుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం, అలిగితే బతిమాలడం, బాకీ ఉంటే తీర్చడం. మొక్కు చెల్లించకపోతే మనసులో టెన్షన్ పడే మనిషికి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

దీన్ని అచ్చంగా చూడాలంటే నల్లమల దాకా పోవాలి. అచ్చంపేట దాటి ఘాటెక్కితే అమ్రాబాద్ పీఠభూమి, దాని లోపల చెంచుల గూడేలు, వాళ్ల మాటలో పెంటలు. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ రెండో ప్రపంచయుద్ధం వల్ల హైదరాబాద్ సంస్థానంలోనే ఉండిపోవాల్సి వచ్చి, ఇక్కడి చెంచుల మధ్య తిరిగి, 1943లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. అందులో కనిపించే ముఖ్యమైన దేవత గరెలమైసమ్మ. అడవిలోని గడ్డలూ కాయలూ జంతువులూ ఆమె చేతిలో ఉంటాయి. వేట దొరికితే ఒక చిన్న ముక్క ఆమెకు పెట్టి, రెండు మాటల్లో మొక్కుకుని, తర్వాతే తినాలి. పూజారి అక్కర్లేదు, గుడి అక్కర్లేదు, తిథి చూడక్కర్లేదు. అడవి ఆమెది, తీసుకునేవాడు ఆమె వాటా ఆమెకు పెట్టాలి. వేటలో దొరికింది పెంటలో పంచుకునే పద్ధతి ఎలాంటిదో ఇదీ అలాంటిదే, పంచుకునేవాళ్లలో మైసమ్మ కూడా ఒకరు, అంతే.

వరసలు కలపడం గురించి అన్నాను. చెంచుల కథల్లో శ్రీశైలం మల్లన్న చెంచు పిల్లను పెళ్లాడిన అల్లుడు. ఆయన చెంచు మల్లయ్య. అల్లుడితో ఉండే చనువు, చిన్న ఎకసెక్కం, పెట్టుపోతల పట్టింపు అన్నీ ఆ దేవుడితో ఉంటాయి. చెంచుల బతుకులో వరస ఎంత గట్టిదో తేనె తీసేటప్పుడు తెలుస్తుంది. కొండ అంచు నుంచి తాడు మీద వేలాడుతూ తేనె తీసే మనిషికి పైన తాడు పట్టుకునేది బామ్మర్ది. అక్కచెల్లెలు ముండమోయాలని ఎవడూ కోరుకోడు కనుక ఆ చేతులు తాడు వదలవని చెంచుల నమ్మకం. ప్రాణాలే వరస మీద ఆధారపడిన చోట అడవితో, దేవుడితో కూడా వరస కలుపుకోకుండా ఉంటారా!

చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతర జరుగుతుంది. లోయలోకి దిగే రాళ్ల దారి పొడవునా జనం ‘వస్తున్నాం లింగమయ్యా’ అని కేకలు పెట్టుకుంటూ పోతారు. తిరిగి వచ్చేటప్పుడు ‘పోతున్నాం లింగమయ్యా’ అంటారు. అక్కడ పూజ చేసేది చెంచులే. వచ్చేవాళ్లలో పాలమూరు రైతులు, నల్గొండ ఉద్యోగులు, హైదరాబాద్ విద్యార్థులు ఉంటారు. అడవిలోకి అడుగుపెట్టేటప్పుడు ఇంటివాడికి చెప్పాలి, వెళ్లేటప్పుడు సెలవు తీసుకోవాలి. పరిశోధకులు పేజీల కొద్దీ రాసిన సిద్ధాంతం ఆ రెండు కేకల్లో వినిపిస్తుంది.

బయలు సీమలో ఇదే పని చెరువు కట్ట మీద జరుగుతుంది. కట్ట మైసమ్మ లేని పెద్ద చెరువు మన దగ్గర అరుదు. అలుగు పోసిన ఏడు యాటను కోసి, బోనం పెట్టి, సాక పోస్తారు. కల్లు గీసే గౌడన్నలకు కాటమయ్య ఉన్నాడు. ఈదమ్మ, ముత్యాలమ్మ, గంగమ్మ, ఒక్కో ఊరికి, ఒక్కో పనికి ఒక్కో తల్లి.

ఈమధ్య యూట్యూబ్‌లో ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది. మన పూర్వీకులు చెరువును కాపాడుకోవడానికే మైసమ్మను పెట్టారని, వేపచెట్టు గాలి మంచిది కనుకనే దాన్ని అమ్మవారన్నారని. ఈ మాటలు చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ దీంతో మైసమ్మను మొక్కే మనిషిని మనం వినడం మానేస్తున్నాం. ఆమె తల్లిని మొక్కుతున్నానంటుంటే, కాదు నువ్వు పర్యావరణాన్ని కాపాడుతున్నావు అని మనం చెప్పడం ఏం మర్యాద? పైగా అది నిజం కూడా కాదు. మైసమ్మ గుడి చెక్కుచెదరకుండా ఉండి, చుట్టూ చెరువు శిఖమంతా (నీళ్లు నిలిచే నేలంతా) ప్లాట్లుగా మారిపోయిన చోట్లు అందరికీ తెలుసు. నమ్మకం ఒక్కటే చెరువును కాపాడలేదు. చెరువు నీళ్ల మీద బతికేవాళ్లు, కట్టను చూసుకునే నీరటి, మైసమ్మ ముగ్గురూ ఒకరికొకరు ఉన్నప్పుడే చెరువు నిలిచింది.

దేవత మాట మోసే మనిషి

ఇలా మనుషులు కానివాళ్లతో మాట్లాడాలంటే ఆ మాట అటూ ఇటూ మోసే మనిషి కావాలి. షామన్ అంటే ఆ మనిషి. ఈ మాట సైబీరియాలోని ఎవెంకీ వంటి తుంగూస్ జాతుల నుంచి వచ్చింది. అక్కడి షామన్ తోలుతో బిగించిన డప్పు కొట్టుకుంటూ ఒళ్లు మరిచి, తన ఆత్మను పై లోకానికో కింది లోకానికో పంపుతాడు. రోగి ఒంటి నుంచి తప్పిపోయిన ప్రాణాన్ని వెతికి తెస్తాడు, వేట జంతువుల యజమానితో బేరమాడతాడు. సోవియట్ ప్రభుత్వం 1930లలో ఈ మనుషులను వెంటాడి, జైళ్లలో వేసి, వాళ్ల డప్పులు గుంజుకుంది. ఆత్మ చేసే ఈ ప్రయాణాన్నే షామనిజానికి ప్రాణంగా చూపిస్తూ 1951లో రొమేనియా పండితుడు మిర్చా ఎలియాడె పెద్ద గ్రంథం రాశాడు. ఆ తర్వాత ప్రపంచంలో పూనకం వచ్చే ప్రతివాళ్లకూ షామన్ అన్న పేరు తగిలించడం మొదలైంది. చిక్కు అక్కడే వచ్చింది.

సైబీరియా షామన్ అటు వెళ్తాడు. మన శివసత్తు దగ్గరికి దేవతే ఇటు వస్తుంది. వెళ్లినవాడు తిరిగొచ్చి చూసింది చెప్తాడు. దేవత ఒంటి మీదికి వచ్చిన మనిషికి తర్వాత ఏం మాట్లాడిందో గుర్తుండదని అంటారు. ఎలియాడె లెక్క ప్రకారం అయితే శివసత్తులు షామన్లు కారు. కానీ మన తెలుగువాళ్ల పొరుగునే ఉన్న సవరలను చూస్తే ఈ గీత అంత గట్టిది కాదని తెలుస్తుంది. ఒడిశా, శ్రీకాకుళం కొండల్లో ఉండే సవరల గురించి 1955లో వెరియర్ ఎల్విన్, ఆ తర్వాత పియర్స్ విటెబ్‌స్కీ వివరంగా రాశారు. వాళ్ల షామన్లలో ఆడవాళ్లు ఎక్కువ. ఆమెకు కింది లోకంలో ఒక భర్త ఉంటాడు. ఆమె ఆత్మ కిందికి దిగిపోతుంది, ఖాళీ అయిన ఆమె గొంతులోంచి చనిపోయినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మాట్లాడతారు. కొడుకు అడుగుతాడు, తండ్రి జవాబు చెప్తాడు, ఇద్దరూ వాదించుకుంటారు, ఏడుస్తారు. ఒకే మనిషిలో వెళ్లడమూ రావడమూ రెండూ ఉన్నాయి. సవరల్లో చాలామంది ఇప్పుడు క్రైస్తవులయ్యారు, ఆ సంభాషణలు తగ్గిపోతున్నాయి.

మన శివసత్తుల సంగతికి వద్దాం. ఎవరూ కోరి శివసత్తు కారు. మానని జబ్బో, జుట్టు జడలు కట్టడమో, తిండి సయించకపోవడమో, ఊరికే ఏడుపు రావడమో మొదలవుతుంది. డాక్టర్లకు చూపించి, పెద్దలను అడిగి, చివరికి ఎల్లమ్మో మల్లన్నో పట్టుకున్నాడని తేలుతుంది. గురువు పెట్టుకుని, గవ్వల దండ వేసుకుని, ఆ దేవుడికి చెందిన మనిషిగా మారితే ఆ బాధ ఆమె బలంగా మారుతుంది. జబ్బు ద్వారా పిలుపు రావడం సైబీరియా నుంచి సవర కొండల దాకా చాలాచోట్ల కనిపిస్తుంది.

శిగం ఒంటరిగా రాదు. మల్లన్నకు, బీరప్పకు ఒగ్గు పూజారుల డోలు ఉండాలి. ఎల్లమ్మకు బవనీల జమిడిక ఉండాలి. పట్నం (రంగుల ముగ్గు) వేసి, కథ చెప్తూ, దరువు పెంచుతూ పోతారు. ఊదు పొగ, బండారి, వేపకొమ్మలు. ఒక దగ్గర ఆమె అరుపుతో లేస్తుంది. ఊగుతుంది. అక్కడి నుంచి మాట్లాడేది ఆమె కాదు. ‘నన్ను మరిచిండ్రు’ అని దేవత మందలిస్తుంది. ఇంటి పెద్ద చేతులు కట్టుకుని తప్పయింది తల్లీ అంటాడు. అన్నదమ్ముల భూమి తగాదా, కోడలి కన్నీళ్లు, కట్టని గుడి, మాట తప్పిన సర్పంచి అన్నీ ఆ నోట బయటపడతాయి. బయటికి అనలేని మాట ఊరందరి ముందు అనడానికి ఊరే ఒప్పుకున్న చోటు ఇది. సికింద్రాబాద్ మహంకాళి బోనాల్లో రంగం (భవిష్యవాణి) చెప్పినప్పుడు దేవత మాట వినడానికి మంత్రులు కూడా నిలబడటం టీవీల్లో అందరూ చూస్తున్నదే.

బ్రిటిష్ మానవశాస్త్రవేత్త అయోన్ లూయిస్ 1971లో దీని గురించి ఒక గట్టి మాట చెప్పాడు. సోమాలియాలో ఆడవాళ్ల ఒంటి మీదికి వచ్చే ఆత్మలు కొత్త బట్టలు, అత్తరు, మంచి తిండి అడుగుతాయి. భర్త ఇవ్వక తప్పదు. నోరు లేనివాళ్లకు పూనకం నోరు ఇస్తుందని ఆయన విశ్లేషణ. మన శివసత్తుల్లో ఎక్కువమంది బహుజన కులాల ఆడవాళ్లే కావడం చూస్తే ఈ మాటలో నిజం కనిపిస్తుంది. కానీ ఇది సగం నిజమే. శిగం దిగాక ఆ తల్లి కాళ్లు మొక్కిన ఆసామి పొలంలోనే ఆమె మళ్లీ కూలికి పోతుంది.

ఇంకా చేదైన సంగతి జోగిని వ్యవస్థ. పాలమూరు జిల్లాలో ఎల్లమ్మ పేరు మీద దళిత ఆడపిల్లలను దేవతకు ‘ఇచ్చి’, ఊళ్లో పెద్దమనుషులు వాళ్ల ఒంటిని వాడుకున్నారు. దేవత వాళ్ల మీదికి వస్తుందని మొక్కిన చేతులే ఆ పని చేశాయి. 1988లో దీన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. జోగినులుగా మారిన ఆడవాళ్లే ఎదురు తిరిగి పోరాడటం వల్లనే అది చాలా ఊళ్లలో ఆగింది. గ్రామదేవతల సంప్రదాయం గొప్పది అని రాసేవాళ్లు ఈ పేజీని చింపేసి రాయకూడదు.

పూనకం ఏ ఒక్క మతానిదీ కాదనడానికి మొహర్రం చూడాలి. నల్గొండ, పాలమూరు ఊళ్లలో పీర్ల పండుగ చేసేవాళ్లలో హిందువులు చాలామంది. అలాయి గుండం చుట్టూ ఆడుతూ, పీరు ఎత్తుకున్న మనిషికి పూనకం వస్తుంది. నిప్పుల మీద నడుస్తాడు, అడిగినవాళ్లకు జవాబు చెప్తాడు. పిల్లలు పుట్టాలని, వానలు పడాలని జనం మలీద, షర్బత్ తీసుకొస్తారు. దేవరకొండ తండాల్లో లంబాడీలకు దేవత మాట పలికే భగత్ ఉంటాడు, సీత్లా భవానికి పశువుల క్షేమం కోసం మొక్కే పండుగ ఉంటుంది. ఒకే మండలంలో ఎల్లమ్మ, పీరు, సీత్లా ముగ్గురూ మనుషుల నోటితో మాట్లాడతారు.

ఎవరు చేశారు అన్న ప్రశ్న

ఈ లోకదృష్టికి ఒక భయంకరమైన అంచు ఉంది. 1937లో బ్రిటిష్ మానవశాస్త్రవేత్త ఇవాన్స్-ప్రిచర్డ్ అప్పటి సూడాన్‌లోని అజాండే జనం గురించి రాశాడు. ఒక గరిసె కూలి కింద కూర్చున్నవాళ్లకు దెబ్బలు తగిలాయి. దాని గుంజలను చెదలు తిన్నాయని వాళ్లకు తెలుసు. కానీ సరిగ్గా వీళ్లు కింద కూర్చున్నప్పుడే ఎందుకు కూలాలి? ఎవరో చేయించారు. సైన్స్ ‘ఎలా’ చెప్తుంది, ‘నాకే ఎందుకు’ అన్నదానికి జవాబు చెప్పదు. ప్రతి మంచి వెనకా ఒక తల్లి ఉందనుకునే మనసు ప్రతి చెడు వెనకా ఒక మనిషి ఉన్నాడనుకోవడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. చేతబడి, బాణామతి పేరుతో మన తెలంగాణలో మనుషులను కొట్టి చంపారు. చనిపోయినవాళ్లు చాలాసార్లు పేదవాళ్లు, ఒంటరివాళ్లు, నలుగురి అండ లేనివాళ్లు. ఇది నమ్మకం కాదు, హత్య. ఊళ్లో ఎవరి మీదైనా ఇలాంటి అనుమానం మొదలైందని తెలిస్తే ఆ రాత్రే పోలీసులకు ఫోన్ చేయాలి.

పాముకాటుకు మంత్రం వేయించుకుంటూ కూర్చుంటే ప్రాణం పోతుంది. విరుగుడు మందు ఆసుపత్రిలోనే ఉంటుంది. మూర్ఛకు, మనోవ్యాధికి మందులున్నాయి. అయితే దేవుడూ డాక్టరూ పోటీ పడాల్సిన అవసరం లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులు జారిపడకుండా కిట్లు ఇచ్చింది. వాటికి పెట్టిన పేరు ‘కాటమయ్య రక్షణ కవచం’. మొక్కేది కాటమయ్యకే, నడుముకు కట్టుకునేది బెల్టే. గౌడన్నలకు ఇందులో ఏ గందరగోళమూ లేదు.

కొండ ఎవరిదని అడిగితే

ఈ చర్చ పుస్తకాల్లోనే ఉండిపోలేదు, కోర్టుల దాకా వచ్చింది. ఒడిశాలో నియమగిరి కొండల మీద బాక్సైట్ తవ్వాలని కంపెనీ వచ్చింది. అక్కడి డోంగ్రియా కోందులకు ఆ కొండే నియమరాజు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, గని వల్ల అక్కడివాళ్ల మతహక్కుకు దెబ్బ తగులుతుందో లేదో గ్రామసభలే తేల్చాలని చెప్పింది. పన్నెండు ఊళ్లలో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. దేవుడి చోటు ఇదిగో ఈ శిఖరం, గని మాత్రం దానికి దూరంగా ఉంది అన్న వాదనకు జనం ఒప్పుకోలేదు. కొండలన్నీ రాజువే అన్నారు. మరుసటి ఏడు కేంద్రం అనుమతి నిరాకరించింది.

మన నల్లమలకూ అలాంటి ఘడియ వచ్చింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణ అనగానే చెంచులు, చుట్టుపక్కల ఊళ్లు ఎదురు తిరిగాయి. 2019 సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది. ఆ ప్రమాదం అప్పటికి తప్పింది. పులుల కోసం లోపలి పెంటలను బయటికి తరలించాలన్న మాట మాత్రం ఆగలేదు. ఇల్లు, డబ్బు, భూమి లెక్క కట్టి ఇస్తామంటారు. గరెలమైసమ్మకు వాటా పెట్టే చోటును ఏ లెక్కలో కడతారు?

చట్టంలో దానికి చోటుంది. 2006 అటవీహక్కుల చట్టం చెంచుల వంటి ఆదిమ గిరిజన సమూహాలకు వాళ్లు తరతరాలుగా తిరిగిన మొత్తం ఆవాసం మీద హక్కు అడిగే వీలు ఇచ్చింది. ఆ హక్కుకు సాక్ష్యంగా పాత బావులను, సమాధులను, పవిత్ర స్థలాలను చూపించవచ్చని దాని నిబంధనలే చెప్తున్నాయి. అంటే ఏ మైసమ్మ ఏ చెట్టు కింద ఉంది, ఏ వాగు దగ్గర ఎవరి పెద్దలను పెట్టారు, లింగమయ్య దగ్గరికి ఏ దారిన పోతారు, ఏ కొండ అంచున ఏ కుటుంబం తేనె తీస్తుంది అన్నవన్నీ గ్రామసభ ముందు పెట్టగల కాగితాలవుతాయి. చదువుకున్న చెంచు పిల్లలు, వాళ్లతో పనిచేసేవాళ్లు ఒక్కో పెంటలో పెద్దల పక్కన కూర్చుని ఈ జాబితాలు రాసుకోవాలి, ఫోన్లో దారులు గుర్తు పెట్టుకోవాలి. ఈ పని పెంటలు కదలకముందే జరగాలి. ఒకసారి తలో ఊరికీ చెదిరిపోతే ఈ చోట్లన్నీ చెప్పగల పెద్దవాళ్లను మళ్లీ ఒక్కదగ్గర కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాదు.